పాటను దిద్దకండి, పాడినట్టే అచ్చెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేల్స్ జానపద గానం మీద వచ్చిన వ్యాసం చదివాం. ఇంగ్లండ్‌కు పడమటి పక్కనున్న ఆ చిన్న దేశం గురించి తెలుగు పత్రికలో ఒక పేజీ రావడమే అరుదు, అందుకు సంతోషం. కాని అందులో ఒక పొరపాటు దొర్లింది. గని కార్మికుల మగ బృందాలు నాలుగు స్థాయిల గొంతుల్లో కలిపి పాడేదే వెల్ష్ జానపదం అన్నట్టు రాశారు. అది చాపెళ్లలో (చిన్న క్రైస్తవ ప్రార్థన మందిరాల్లో) కీర్తనలు పాడగా పాడగా పందొమ్మిదో శతాబ్దంలో పెరిగిన సంగీతం. డో, రే, మీ అక్షరాలతో రాసే సోల్-ఫా పద్ధతి వచ్చాక, మన సరిగమలు నేర్చినట్టే, మామూలు కూలివాళ్లు సైతం కాగితం చూసి పాడటం నేర్చుకున్నారు. గొప్ప సంగీతమే, కాదనం. జానపదం మాత్రం వేరు. అది ఎక్కువగా ఒంటి గొంతు పాట, వాద్యం లేని పాట. పైగా ఆ చాపెళ్ల పెద్దలే పాత పాటల్ని, ఫిడేలును, ఊరి ఆటల్ని పాపమని దూరం పెట్టించారు.

ఈ తేడాను పట్టించుకోవాల్సిన కారణం ఒకటుంది. నాలుగు గొంతులు కలిసినప్పుడు ఆ కలయికే పాటను మోస్తుంది, మాట కొంచెం అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. ఒంటి గొంతు పాటకు మాటే తాళం, మాటే ఆధారం. మాట మారిస్తే పాట కూలుతుంది. నల్లగొండ, పాలమూరు పాటల సంగతీ అంతే. మేం ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

వేల్స్ దక్షిణాన గ్లామోర్గన్ ప్రాంతం ఉంది. అక్కడ ఎడ్లతో దున్నినన్నాళ్లూ ఎడ్లకు పాడే పాటలు ప్రత్యేకంగా ఉండేవి. నాగలికి ఇద్దరు మనుషులు. ఒకడు మేడి పట్టేవాడు. రెండోవాడు ఎడ్లకు ముందు, వాటి వైపే మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ పాడేవాడు. పన్నెండో శతాబ్దంలో జెరాల్డ్ అనే మతగురువు రాసిన వర్ణనలోనూ ఈ వెనకనడక ఉంది. ఆ పాటలకు ఎక్కువగా ట్రిబాన్ అనే నాలుగు పాదాల పద్యం వాడేవారు. ఒకటి, రెండు, నాలుగు పాదాల చివర ఒకే ప్రాస. మూడో పాదం చివరి అక్షరం నాలుగో పాదం నడుమ ఒక మాటతో కలవాలి. పద్యం అయిపోగానే ఎడ్లను అదిలించే కేక. ఆ కేకతో పద్యం మూతపడుతుంది, ఎడ్లు కదులుతాయి.

ఎడ్లతో నీళ్లు తోడే మోటబాయి చూసిన తరానికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎడ్లు మోటదారి దిగేటప్పుడు మనిషి మోకు మీద కూర్చుంటాడు, బొక్కెన పైకొచ్చి తొండంలోంచి నీళ్లు కాలువలో పడతాయి, అక్కడినుంచి ఎడ్లు వెనక్కి నడుచుకుంటూ ఎక్కాలి. దిగేటప్పుడు ఒక పాదం, ఎక్కేటప్పుడు ఒక పాదం. గిరక చప్పుడే శ్రుతి. అక్కడ మనిషి వెనక్కి నడిచాడు, ఇక్కడ ఎడ్లు నడిచాయి. (నాట్లేసే ఆడవాళ్లూ వెనక్కి నడుస్తూనే పాడతారు. వెనకనడకకూ పాటకూ ఏదో లంకె ఉన్నట్టుంది.) అక్కడ గుర్రాలు, తర్వాత యంత్రాలు వచ్చి ఎడ్ల పాట పోయింది. ఇక్కడ కరెంటు మోటారు వచ్చి మోట పాట పోయింది. పని పోతే పాట పోవడంలో వింత లేదు. పోకముందు ఎవరు రాసుకున్నారు, ఎట్లా రాసుకున్నారు అన్నదే అడగాల్సిన మాట.

వేల్స్‌లో జానపద గేయ సంఘం 1906లో ఏర్పడింది. 1909 నుంచి పత్రిక నడిపింది. దాని మొదటి సంపాదకుడు జాన్ లాయిడ్ విలియమ్స్ వృత్తికి వృక్షశాస్త్రవేత్త. ఆకుల్నీ పూలనీ ఎక్కడ దొరికిందీ, ఏ రోజు దొరికిందీ చీటీ రాసి దాచే అలవాటున్నవాడి చేతికి పాటలు చిక్కడం అదృష్టమే. రూత్ హెర్బర్ట్ లూయిస్ అనే ఆమె లివర్‌పూల్‌లో పుట్టి, పెళ్లితో వేల్స్‌కు వచ్చి, వెల్ష్ నేర్చుకుని, మైనపు గొట్టాల ఫోనోగ్రాఫ్ వెంటబెట్టుకుని తిరిగింది. ఊళ్లే కాదు, దిక్కులేని ముసలివాళ్లను ఉంచే వర్క్‌హౌసులకూ పోయింది.

వాళ్ల పనిలోనూ లోపాలున్నాయి, మనం నేర్చుకోవలసింది అక్కడే ఉంది. ఒక్కో మైనపు గొట్టం రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు. కాబట్టి పది చరణాల పాటలో రెండు చరణాలు పాడించి ఆపేవారు. మళ్లీ మళ్లీ వింటే మైనం అరిగి గొంతు చెరిగిపోతుంది. మరొకటి, ఆ కాలపు సేకర్తలకు ధ్యాసంతా రాగం మీదే. చరణానికీ చరణానికీ పాడే మనిషి రాగాన్ని ఎట్లా వంచుతుందో చాలా చోట్ల రాసుకోలేదు. చాలాకాలం తర్వాత, 1948లో తెరిచిన సెయింట్ ఫాగన్స్ జానపద మ్యూజియం వాళ్లు టేప్ రికార్డరు పట్టుకుని ఊళ్లకు వెళ్లినప్పుడు పాటతోపాటు మనిషి మాటనూ రికార్డు చేశారు. ఏ జిల్లా మాండలికంలో ఏ పనిముట్టును ఏమంటారో, పాట ఎవరి దగ్గర నేర్చిందో, ఎప్పుడు పాడేవారో, అంతా. ఈ రెండో పద్ధతి మనకు కావాలి.

ఇక మన దగ్గర జరుగుతున్నది చూడండి. బతుకమ్మ దగ్గరపడగానే పత్రికలు, చిన్న పుస్తకాలు, యూట్యూబ్ ఛానళ్లు పాటల్ని దించుతాయి. దించేటప్పుడు దిద్దుతాయి. "ఏడికి" అన్నది "ఎక్కడికి" అవుతుంది, "ఇంట్ల" "ఇంట్లో" అవుతుంది, "దవాఖాన" "ఆసుపత్రి" అవుతుంది, "తొవ్వ" "దారి" అవుతుంది. దిద్దినవారికి అది శుభ్రం చేయడంలా అనిపిస్తుంది. లెక్క చూద్దాం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్న ఉన్నా, తర్వాతి అక్షరానికి ఒత్తు ఉన్నా రెండు. "బతుకమ్మ" ఐదు మాత్రలు, "బంగారు" ఐదు, "ఉయ్యాలో" ఆరు. ఈ ఐదు, ఐదు, ఆరు మీదనే చాలా ఉయ్యాల పాటలు నడుస్తాయి. ఉదాహరణకు మేమే కట్టిన పాదం ఒకటి:

ఊర్లకూ వచ్చిండు ఉయ్యాలో

ఊర్లకూ ఐదు, వచ్చిండు ఐదు, ఉయ్యాలో ఆరు. దీన్నే "ఊరిలోకి వచ్చినాడు ఉయ్యాలో" అని దిద్దితే ఆరు, ఆరు, ఆరు. రెండు చోట్ల ఒక్కో మాత్ర పెరిగింది. చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ల అడుగు ఆ మాత్ర దగ్గర తడబడుతుంది. పుస్తకం చూసి పాడే పిల్లలు ఆ తడబాటును కప్పుకోవడానికి పాటను తొందరగా లాగేస్తారు. తొందరగా లాగిన పాటకు డప్పు సరిపోదు, బీటు మిషను కావాలి. ఇదంతా "ఊర్లకు" లాంటి ఒకటి రెండు మాటలు దిద్దడంతో మొదలైంది. తక్కువ పడిన చోట పాడే మనిషి తానే దీర్ఘం చేసి సరిచేసుకుంటుంది, అది పాట చట్టంలో ఉన్నదే. ఎక్కువైన మాత్రను మింగడం మాత్రం ఎవరికీ చేతకాదు.

ప్రాస పోవడం మరో నష్టం. "గట్ల" అన్నదానికి "ఎట్ల" జవాబు. "అలా" అని దిద్దితే "ఎలా" దొరుకుతుందిగా అంటారు. కింది పాదంలో "చెట్ల" ఉంటే దాన్నేం చేస్తారు? నారాయణపేట, మక్తల్ వైపు పాటల్లో కన్నడం మాటలుంటాయి, ఎక్కడ చూసినా ఉర్దూ మాటలుంటాయి. వాటిని ఏరేస్తే మిగిలేది ఏ ఊరిదీ కాని పాట.

రికార్డు చేయాలనుకునే కాలేజీ పిల్లలకు, టీచర్లకు పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాం. ఫోను చాలు, ఖరీదైన మైకు అక్కర్లేదు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్, మోనో, 44,100 హెర్ట్జ్, 16 బిట్ పెట్టుకోండి. నిమిషానికి సుమారు 5 ఎంబీ, గంటకు 300 ఎంబీ పైన పడుతుంది. ఫోన్‌లో చోటు ముందే చూసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మరిస్తే సరిగ్గా మంచి చరణం దగ్గరే ఫోన్ మోగుతుంది. ఫ్యాను ఆపాలి. రేకుల ఇంట్లో గొంతు గింగురుమంటుంది, చెట్టు కిందో పెంకుటింటి వసారాలోనో నయం. పాడే మనిషికి ఫోను మూరెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. దంపుడు పాటైతే ఫోన్‌ను నేలమీద పెట్టొద్దు. రోకటి పోటు నేలగుండా వచ్చి మాటను మింగేస్తుంది. మడిచిన గొంగడి మీద, మంచం మీద పెట్టండి.

దంపుడు పాటను రోకలి లేకుండా పాడించడం పెద్ద తప్పు. ఉత్తచేతులతో కూర్చోబెడితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆమెకే తెలియదు. పోటు పడే చోట ఊపిరి వదలడం, ఎత్తే చోట పీల్చడం, పాదం పొడుగును నిర్ణయించేది అదే. వడ్లు లేకపోతే ఊక పోసైనా సరే, నాలుగు పోట్లు వేయించండి. ఇసుర్రాయి పాటకూ అంతే.

బతుకమ్మ పాట రికార్డు చేయడం అన్నిటికన్నా కష్టం. వలయం తిరుగుతుంటుంది, ముందు చెప్పే ఆమె చుట్టుకొకసారి మీ దగ్గరికి వచ్చి పోతుంటుంది, గొంతు పెరిగి తగ్గుతుంది. బయట నిలబడి తీస్తే సగం మాటలు పోతాయి. వలయం లోపల, ఆమె పక్కన నడుస్తూ ఫోన్‌ను ఛాతీ ఎత్తున పట్టుకోవాలి. ఇంకో చిక్కు, వెనక పాడేవాళ్లు ఆమె పాదం ముగియకముందే "ఉయ్యాలో" అందుకుంటారు. పాదంలో ఆఖరి మాట ఆ అందుకోవడం కింద మునిగిపోతుంది. రాసేవారు అక్కడ ఊహించి రాస్తారు. అచ్చు పుస్తకాల్లో పాదాల చివర అర్థంకాని మాటలు అన్ని ఉండటానికి సగం కారణం ఇదే. మర్నాడు పొద్దున ఆమె ఒక్కతెతో అదే పాట మళ్లీ పాడించుకోవాలి.

పాడించుకోవాలి అన్నాం, చెప్పించుకోవాలి అనలేదు. "అవ్వా, జర మెల్లగ చెప్పు, రాసుకుంట" అంటే ఆమె పాట వదిలి మాట్లాడటం మొదలుపెడుతుంది. దీర్ఘాలు పోతాయి, "ఓ", "ఏ", "గా" లాంటి కూర్పు మాటలు పోతాయి. చదువుకున్న పిల్ల ముందుందని బడి తెలుగులోకి తానే మార్చి చెబుతుంది కూడా. కాబట్టి పాడినదాన్ని విని రాయండి. చెప్పించుకున్నది అనుమానమున్న మాటలు సరిచూసుకోవడానికే. "పాటలు పాడు అవ్వా" అని అడిగితే సినిమా పాటో భజనో వస్తుంది. పని పేరు పట్టి అడగాలి. "నాట్లేసేటప్పుడు ఏం పాడెటోళ్లు? కలుపు తీసేటప్పుడు? పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు?" అంటే ఒకటి వెంట ఒకటి తీగ లాగినట్టు వస్తాయి.

రికార్డింగు మొదట్లోనే ఊరు, మండలం, తేదీ, పాట ఏ పనిది, ఎవరి దగ్గర నేర్చింది, ఇవి నోటితో చెప్పించాలి. కాగితం పోతుంది, గొంతులో ఉన్నది పోదు. పేరు చెప్పడం ఆమె ఇష్టం. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ప్రతి ఫైలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో. రాసేటప్పుడు ఊపిరి తీసుకున్న చోట పాదం విరవండి, చప్పట్ల చోట అక్షరం కింద గీత పెట్టండి.

వరుస, అంటే పాట ఏ రాగంలో నడుస్తుందో, రాయడం మరవొద్దు. పాత తెలుగు పాటల పుస్తకాల్లో పాట మీద "ఫలానా పాట వరుస" అని వేసేవారు. వేల్స్‌లోనూ సంతల్లో అమ్మే పాటల కాగితాల మీద అట్లానే రాగం పేరు మాత్రమే ఉండేది, స్వరాలు ఉండేవి కావు. రాగం అందరికీ తెలుసన్న నమ్మకం. రాగం మరిచిన నాడు ఆ కాగితం మూగదైంది. మాంట్‌గోమరీషైర్ ప్రాంతంలో ప్లిగైన్ అనే ఆచారం ఈ లోటును ఎట్లా పూడ్చిందో చూడండి. క్రిస్మస్ రోజుల్లో గుడిలో పూజ అయ్యాక కీర్తనలకు దారి వదులుతారు. ఎవరూ పేరు పిలవరు. ముగ్గురో నలుగురో లేచి ముందుకు వెళ్తారు, శ్రుతి చూసుకుంటారు, వాద్యం లేకుండా పాడి వచ్చి కూర్చుంటారు. వెంటనే ఇంకో గుంపు. అందరూ అయ్యాక అదే క్రమంలో రెండో చుట్టు. ఆ రాత్రి ఒకరు పాడిన పాట మరొకరు పాడకూడదు. అంటే ప్రతి కుటుంబమూ చాలా పాటలు చేతిలో పెట్టుకుని రావాలి, తనదాన్ని పక్కవాడు ముందే పాడేస్తే ఇంకోటి తీయాలి. చివర మగవాళ్లంతా కలిసి పాడే పాటతో ముగుస్తుంది. చప్పట్లు లేవు, బహుమతి లేదు.

మన జిల్లాల్లో బతుకమ్మ పోటీలకు మార్కులు పూల ఎత్తుకూ చీరలకూ పడుతున్నాయి. పాటకు వేరే విభాగం పెట్టి, ఆ "పాడింది మళ్లీ పాడొద్దు" నియమం ఒక్కటి తెచ్చుకున్నా చాలు. పుస్తకం చూడొద్దు, సౌండు బాక్సు వద్దు, ఊరి మాటలోనే పాడాలి. మొదటి ఏడాది పాటలు తక్కువపడి గొడవ అవుతుంది. రెండో ఏడాదికి ఇంట్లో ముసలమ్మల దగ్గర కూర్చోక తప్పదు.

వాద్యం గురించి ఒక్క మాట. వేల్స్‌లో మూడు వరుసల తీగల హార్ప్ ఉంది. అటూ ఇటూ ఉన్న రెండు వరుసలూ ఒకే స్వరాలు, నడిమి వరుస అర్ధస్వరాలు. దాన్ని నిలబెట్టినవారిలో ఊరూరు తిరిగే రోమానీ జిప్సీలైన ఏబ్రమ్ వుడ్ వంశంవారు ముఖ్యులు. పెద్ద ఇళ్లలో ఫ్యాషన్ మారినా ఆ ఊరూరు తిరిగేవాళ్ల చేతిలో హార్ప్ మిగిలింది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర సంగతీ అంతే. వెదురు, సొరకాయ బుర్రలు, తేనెమైనం, అంతా అడవీ చేనూ ఇచ్చిన సరుకు. 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెర బొమ్మ ప్రతి గోడ మీదికీ ఎక్కింది. ఆ కిన్నెర మీద పాడే, పేదల పక్షాన నిలిచిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ ఎన్ని చరణాలో, ఏ ఊళ్లో ఎట్లా మారుతుందో రాసి పెట్టుకునే పని మాత్రం బొమ్మ గీసినంత తేలిక కాదు.

భాష విషయంలో మాత్రం పోలికను అతిగా లాగొద్దు. వేల్స్‌లో 1911లో నూటికి దాదాపు 44 మంది వెల్ష్ మాట్లాడేవారు, 2021 లెక్కల్లో 18 కన్నా కొంచెం తక్కువ, మొత్తం 5 లక్షల 38 వేల మంది. తెలుగు తల్లిభాషగా రాసుకున్నవారు 2011 లెక్కల్లో 8 కోట్ల పైన. తెలుగుకు ఆ గండం లేదు. గండమున్నది పాలమూరు మాటకు, నల్లగొండ మాటకు. వెల్ష్‌ను చిన్నబుచ్చింది పరాయి ప్రభుత్వం. 1847లో విద్యా విచారణ నివేదిక ఆ భాషే జనం వెనకబాటుకు కారణమని రాసింది. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. మన యాసను చిన్నబుచ్చింది సాటి తెలుగువాళ్లే, మన చేతులతో మనమూ కొంత. దిద్దే పెన్సిలు మెడలో వేసే చెక్కకు చుట్టమే.

అలాంటి చిన్నచూపుకు ఒకసారి పత్రికే జవాబు చెప్పింది, అదీ పాలమూరు మనిషి చేతుల్లోని పత్రిక. తెలంగాణలో కవులు లేరన్నప్పుడు గోలకొండ పత్రిక సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో సరిపెట్టుకోలేదు. 354 మంది కవుల్ని ఏరి 1934లో సంచిక వేశారు. పేర్లు, ఊళ్లు, పద్యాలు ముందు పెడితే మారుమాట లేకపోయింది. అందుకే ఈ విన్నపం మరెవరికో కాక ఒక పత్రికకు చేస్తున్నాం.

వచ్చే ఎంగిలిపూల బతుకమ్మ నుంచి మీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పేజీల్లో వారానికి ఒక్క పాటకు చోటివ్వండి. ఇరవై పాదాలు చాలు. పైన ఊరు, మండలం, ఏ పనిపాట, ఏ వరుస అని ఒక లైను. కింద పట్నం పాఠకులకు తెలియని నాలుగైదు మాటలకు అర్థం. వీలైతే పక్కన క్యూఆర్ గుర్తు పెట్టండి, ఫోన్‌తో స్కాన్ చేస్తే పాడిన గొంతు వినబడాలి. "మేక" అన్నప్పుడు మొదటి అక్షరంలో పలికే ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు, అలాంటివి చెవితోనే అందాలి. ఒకే పాట రెండు ఊళ్ల నుంచి రెండు రకాలుగా వస్తే ఏది సరైనదని తేల్చకుండా రెండూ వేయండి.

మీ డెస్కువారికి ఒక్క మనవి. ఈ ఉత్తరంలో మా వాక్యాలు ఎంత దిద్దుకున్నా అభ్యంతరం లేదు. పాటలో "ఊర్లకు" అని వస్తే మాత్రం "ఊర్లకు" అనే ఉండనివ్వండి.

ఇట్లు,
జానపద పాటల సేకర్తలం కొందరం,
నల్లగొండ